ఎఫ్ఫతా: చెవిటివానితో ప్రభువు మాట్లాడిన భాష



"చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు" అనే సామెతను మనమందరం ఎప్పుడో ఒకప్పుడు వాడినవారమే. చెప్పిన మాట వినని పిల్లవానిని గూర్చి, పనిమీద శ్రద్ధలేని మనిషిని గూర్చి అలవోకగా అనేస్తాం. అదే సమయంలో మన గుడిలో నాలుగవ వరుసలో, నిజంగానే చెవులు వినిపించని బిడ్డ ఒకడు తల్లి ప్రక్కన కూర్చుని ఉండవచ్చునని మనకు తట్టదు. ఆ బిడ్డకు మన సామెత వినిపించదు. తల్లికి వినిపిస్తుంది.

చెవిటివానిని శపించరాదని, గ్రుడ్డివాని దారిలో అడ్డు పెట్టరాదని లేవీయకాండము 19వ అధ్యాయము 14వ వచనంలో దేవుని ఆజ్ఞ ఉన్నది. వినలేనివానిని తిడితే అతనికి తెలియనే తెలియదు గదా, నష్టమేమి అని అడిగేవారు అప్పుడూ ఉండి ఉంటారు. అందుకే ఆ ఆజ్ఞ వెంటనే దేవునికి భయపడుమని చెప్తుంది. అతనికి వినబడకపోయినా ఆయనకు వినబడుతుంది.

ఈ వారం మీ ఇంట కుటుంబ ప్రార్థన వేళ మార్కు సువిశేషము 7వ అధ్యాయములో 31 నుండి 37 వరకు గల వచనాలు తీసి నెమ్మదిగా చదవండి. 'బి' సంవత్సరపు పఠనాలలో సామాన్య కాలపు 23వ ఆదివారమున గుడిలో వినబడేది ఈ భాగమే. తూరు, సీదోను ప్రాంతాలు దాటి ప్రభువు దెకపొలి సీమకు వచ్చినప్పుడు, చెవుడు, నత్తి గల ఒకనిని కొందరు ఆయన వద్దకు తీసుకొని వచ్చారు. అతనిమీద చేయి ఉంచుమని వారు వేడుకొన్నారు. అడిగినవారు వారే, అతడు కాదు. అతని పక్షాన అందరూ మాట్లాడుతున్నారు. అసలు తననెక్కడికి తీసుకొని వచ్చారో, ఎందుకు తెచ్చారో అతనికి ఎవరైనా తెలిపారో లేదో సువిశేషకుడు చెప్పలేదు.

ప్రభువు ఏమి చేశారు? ముందుగా అతనిని జనసమూహము నుండి ప్రక్కకు తీసుకొని వెళ్లారు. తన వ్రేళ్లను అతని చెవులలో ఉంచారు. ఉమ్మి, అతని నాలుకను తాకారు. ఆకాశము వైపు కన్నులెత్తి, నిట్టూర్చారు. ఆ తరువాతనే 'ఎఫ్ఫతా', అనగా 'తెరువబడుము' అనే మాట వచ్చింది. శతాధిపతి సేవకుని దూరమునుండే ఒక్క మాటతో స్వస్థపరచిన ప్రభువుకు ఇంత తతంగము ఎందుకు? నేను పలుమార్లు ఈ ప్రశ్న వేసుకొన్నాను. ఒక బధిరుని కన్నులతో ఈ దృశ్యము చూస్తే సంగతి తేటపడుతుంది. చెవిలో వ్రేలు: నీ కష్టము ఇక్కడ ఉన్నదని నాకు తెలుసు. నాలుకపై స్పర్శ: ఇక్కడ కూడ. పైకెత్తిన కన్నులు: సాయము అక్కడినుండి వస్తుంది. నిట్టూర్పు వినబడదు కాని, రొమ్ము ఎగసి పడుట కంటికి కనబడుతుంది. అతనికి వినికిడి రాకముందే ప్రభువు అతనితో మాట్లాడారు. అతనికి అర్థమయ్యే భాషలో మాట్లాడారు. మన బిడ్డల జ్ఞానస్నాన క్రమములో గురువు చెవులను, పెదవులను తాకి చేసే ఎఫ్ఫతా ప్రార్థన ఇక్కడినుండి వచ్చినదే.

కొన్నేళ్ల క్రితం నేను చూచిన ఒక సంఘటన చెప్తాను. క్రిస్మసు సెలవులకు ముందురోజు, కన్యస్త్రీలు నడిపే ఒక బధిర బాలుర నివాసానికి వెళ్లి ఉన్నాను. రేకు పెట్టెలు, సంచులు సర్దుకొని పిల్లలు వరండాలో కూర్చున్నారు. తల్లిదండ్రులు ఒక్కొక్కరే వచ్చి తీసుకొని పోతున్నారు. పదకొండు, పన్నెండేళ్ల కుర్రవాడొకడు తండ్రిని చూడగానే లేచి పరుగెత్తాడు. రెండు చేతులూ గాలిలో ఆడిస్తూ గుక్క తిప్పుకోకుండా ఏదో చెప్తున్నాడు. తండ్రి నవ్వు ముఖం పెట్టి కాసేపు చూచి, అక్కడున్న సిస్టరుగారి వైపు తిరిగి, "అమ్మగారూ, ఏమంటున్నాడండీ వీడు?" అని అడిగాడు. హాస్టలు కుక్క నాలుగు పిల్లలను పెట్టిందట. ఒకటి చచ్చిపోతే పిల్లలంతా కలిసి వేపచెట్టు క్రింద పూడ్చారట. పైన కర్రతో సిలువ కూడ పాతారట. సిస్టరుగారు చెప్పగా విని ఆయన నవ్వాడు. తరువాత మాటలేక నిలబడిపోయాడు. ఆ అబ్బాయి ఆ నివాసంలో చేరి ఆరేళ్లయినది. సొంత కొడుకుతో మాట్లాడడానికి ఆ తండ్రికి మధ్యవర్తి కావలసి వచ్చింది.

బధిరులకు, వికలాంగులకు శ్రీసభ చేసిన సేవను గూర్చి వ్రాయమని కోరినప్పుడు నాకు మొదట గుర్తుకు వచ్చినది ఆ వరండాయే. ఆ సేవ ఎంత గొప్పదో, అది ఎక్కడ ఆగిపోతుందో రెండూ అక్కడే కనబడ్డాయి.

పూర్వకాలంలో బధిరులను గూర్చి క్రైస్తవులలోనే కొందరు పొరపాటుగా తలంచారు. వినుటవలన విశ్వాసము కలుగునని పౌలు రోమీయులకు వ్రాసిన మాట (10:17) పట్టుకొని, వినలేనివారికి విశ్వాసమెట్లు కలుగునని సందేహించారు. ఆ సందేహానికి ఒక పునీతుడు వాదనతో గాక తన ఇంటిలోనే జవాబు చెప్పాడు. జెనీవా పీఠాధిపతియైన పునీత ఫ్రాన్సిస్ దె సాలెస్ సుమారు 1605లో లా రోష్ అనే ఊరిలో ఉపదేశాలు చేస్తుండగా, పుట్టు చెవుడు గల మార్టిన్ అనే యువకుడు ఆయన కంటబడ్డాడు. అతనికి సత్యోపదేశము చెప్పుట సాధ్యము కాదని అక్కడివారందరు నిర్ధారణ చేసుకొని ఉన్నారు. పీఠాధిపతులు అతనిని అన్నెసీలోని తమ ఇంటికి తీసుకొనిపోయి, పని ఇచ్చి, తామే సైగలతో దేవుని గూర్చి నేర్పారు. పాపసంకీర్తనము సైగలతోనే విన్నారు. దివ్యసత్ప్రసాదము ఇచ్చారు. ఒక మేత్రాసనపు భారమంతా మోస్తున్న వ్యక్తి ఒక్క సేవకునికి నేర్పడానికి తీరిక చేసుకొన్నారు! ఈనాడు ఆయన బధిరుల పాలకపునీతుడు. ఇలాంటి పత్రికలలో వ్రాసే మాబోటివారికి కూడ ఆయనే పాలకపునీతుడు. 1923లో 11వ పయస్ పోపుగారు అట్లు నియమించారు. మాటలతో బ్రతికేవారికి, మాట వినబడనివారికి ఒక్కరే కాపరి అన్నమాట.

ఆ తరువాత నూటయాభై ఏండ్లకు పారిసు నగరంలో ఆబె ద లెపే అనే గురువు ఒక ఇంటికి వెళ్లగా, కుట్టుపని చేసుకొంటున్న ఇద్దరు అక్కచెల్లెండ్రు ఆయన పలకరింపుకు బదులు పలుకలేదు. మర్యాద లేనివారనుకొన్నాడు. తల్లి వచ్చి, వారు చెవిటివారని, వారికి బొమ్మలు చూపి నేర్పుతున్న గురువు చనిపోయాడని చెప్పి కన్నీరు పెట్టింది. ఆ ఇద్దరితో మొదలై సుమారు 1760 నాటికి ఆయన ఇల్లే బడి అయినది. రుసుము లేదు. పేదల బిడ్డలకే మొదటి చోటు. పారిసులోని బధిరులు తమలో తాము వాడుకొనే సైగలను నేర్చుకొని, వాటిద్వారా చదువు చెప్పుట ఆయన పద్ధతి. వాటిని ఫ్రెంచి వ్యాకరణానికి అతికించాలని ఆయన చేసిన ప్రయత్నం అంత ఫలించలేదు, అది వేరే సంగతి. 1789 డిసెంబరులో ఆయన చనిపోగా, 1791లో ఫ్రాన్సు జాతీయ సభ ఆ బడిని ప్రభుత్వ సంస్థగా స్వీకరించింది.

చదువు చెప్పుట ఒక పని. కలిసి కాపురముండుట మరొక పని. ఈ రెండవదానిని గూర్చి తెలుసుకోవాలంటే ఇటలీలోని తూరిన్ నగరానికి వెళ్లాలి. 1827 సెప్టెంబరు 2న, మిలాను నుండి ఫ్రాన్సులోని లియోన్‌కు పోతున్న ఒక కుటుంబము తూరిన్‌లో దిగింది. భార్య గర్భవతి, విపరీతమైన జ్వరముతో ఉన్నది. పెద్దాసుపత్రివారు గర్భవతిని చేర్చుకోలేదు. ప్రసూతి ఆసుపత్రివారు జ్వరముతో ఉన్న మనిషిని చేర్చుకోలేదు. రెండు చోట్లా నియమాలు సక్రమంగానే ఉన్నాయి. బిచ్చగాండ్రు తలదాచుకొనే సత్రములో ఆమె ప్రాణము పోతుండగా కబురందుకొని వచ్చినది కోర్పుస్ దోమిని దేవాలయపు గురువు జోసఫ్ బెనెడిక్టు కొత్తొలెంగో. భర్త, బిడ్డలు చుట్టూ ఏడుస్తుండగా ఆమె చనిపోయింది. ఆయనకప్పుడు నలుబదియొక్క యేండ్లు. అప్పటిదాకా మంచి ప్రసంగీకుడు, మర్యాదస్తుడు, అంతే.

నాలుగు నెలలు తిరగగానే, 1828 జనవరి 17న, దేవాలయమునకు ఎదురుగా కొన్ని గదులు అద్దెకు తీసుకొని మంచాలు వేశారు. ఎవ్వరూ చేర్చుకోనివారిని చేర్చుకొనుటయే అక్కడి నియమం. 1831లో కలరా భయముతో అధికారులు దానిని మూయించారు. క్యాబేజీ నారు పీకి వేరేచోట నాటితేనే బాగా ఎదుగుతుందని ఆయన నవ్వుతూ అనేవారట. మన రైతులకు ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు. 1832 ఏప్రిలు 27న ఊరి వెలుపల వల్‌దొక్కో అనే పేదవాడకు ఒక గాడిదబండిమీద తరలిపోయారు. కాలు కుళ్లిన ఒక యువకుడు, ఇద్దరు కన్యస్త్రీలు వెంట ఉన్నారు. అదే 'దైవసంరక్షణ చిన్నిల్లు'. క్రీస్తు ప్రేమ మమ్ము బలవంతము చేయుచున్నదన్న పౌలు మాటను (2 కొరింతీ 5:14) దానికి గురుతుగా ఉంచుకొన్నారు.

ఆ ఇంటి అమరికను గమనించండి. వచ్చినవారిని వార్డులుగా గాక 'కుటుంబాలు'గా ఏర్పాటు చేశారు. బధిరులది ఒక కుటుంబము, మూర్ఛరోగులది ఒకటి, అనాథలది ఒకటి, వృద్ధులది ఒకటి. బుద్ధిమాంద్యము గలవారిని లోకం ఏ పేరుతో పిలిచేదో మనకు తెలుసు, మన ఊళ్లలోనూ అదే పేరు. కొత్తొలెంగో వారికి పెట్టిన పేరు 'మంచి బిడ్డలు'. చేయగలిగినవారికి ఏదో ఒక పని ఉండేది. నయం కానివారికి ప్రార్థన ఒక ఉద్యోగముగా అప్పగింపబడేది. సేవచేసేవారు, చేయించుకొనేవారు అనే గీత అక్కడ పలుచబడిపోయింది. ఆయన రేపటికి డబ్బు దాచేవారు కారు, దేవుడు చూచుకొంటాడనేవారు. ఈ ఒక్కదానిలో మాత్రం ఆయనను అనుకరించవద్దని నేను మన సంస్థలవారికి చెప్తాను. ఇప్పుడు పైసా పైసాకు లెక్క వ్రాయాలి, వ్రాయుటే న్యాయం. దాత ఇచ్చిన రూపాయి బిడ్డల కంచము వరకు చేరినదని చూపుట కూడ దేవుని సంరక్షణలో భాగమే. కొత్తొలెంగో 1842 ఏప్రిలు 30న జ్వరముతో మరణించారు. 1934 మార్చి 19న పునీతులుగా ప్రకటింపబడ్డారు. చిన్నిల్లు నేటికీ అక్కడే ఉన్నది. 2010లో 16వ బెనెడిక్టు, 2015లో ఫ్రాన్సిస్ పోపుగార్లు అక్కడివారిని దర్శించారు.

ఇంత మంచి జరిగిన ఇటలీలోనే ఒక పెద్ద పొరపాటు కూడ జరిగింది. దానిని దాచిపెట్టి పాఠము చెప్పుట సబబు కాదు. 1880 సెప్టెంబరులో మిలానులో బధిరుల ఉపాధ్యాయుల అంతర్జాతీయ సభ జరిగింది. అధ్యక్షత వహించినవారు ఒక కతోలిక గురువు, జూలియో తార్రా. బడులలో సైగల భాషను తొలగించి, పెదవుల కదలిక చూచి గ్రహించుటను, నోటితో పలుకుటను మాత్రమే నేర్పాలని 160 మంది ఔనన్నారు, నలుగురు కాదన్నారు. వచ్చిన 164 మందిలో బధిరుడు ఒక్కడే! తరువాత దాదాపు నూరేండ్లు ఎన్నో దేశాలలో పిల్లలు సైగ చేస్తే చేతులమీద దెబ్బలు పడ్డాయి. బధిరులైన ఉపాధ్యాయులు ఉద్యోగాలు పోగొట్టుకొన్నారు. ఆ గురువులు చెడ్డవారు కారు. బిడ్డలు పలకాలని, నలుగురిలో కలవాలని మనసారా కోరినవారే. కాని ఎవరి మేలు కోరారో వారిని అడుగలేదు. దెకపొలిలో తీసుకొని వచ్చినవారే మాట్లాడినట్లు, మిలానులోను మాట్లాడారు. వ్యత్యాసమేమనగా అక్కడ ప్రభువు అతనిని ప్రక్కకు తీసుకొని వెళ్లారు, ఇక్కడ ఎవరూ తీసుకొని వెళ్లలేదు. 2010లో వాంకూవరులో జరిగిన అదే అంతర్జాతీయ సభ ఆ పాత తీర్మానాలను త్రోసిపుచ్చి, జరిగిన హానికి విచారము తెలిపింది.

మన దేశానికి వస్తే, బధిరుల కొరకు తొలి పాఠశాల 1880ల దశకంలో బొంబాయిలో కతోలిక పీఠాధిపతులు లియో మ్యూరిన్ గారి పూనికతో మొదలయినది. తిరునెల్వేలి దాపున పాలయంకోట్టైలో ఆంగ్లికన్ మిషనరీ ఫ్లారెన్స్ స్వెయిన్సన్ 1890ల దశకంలో మరొకటి నడిపారు. వరుసగా చెప్పుకొంటూ పోతే పత్రిక చాలదు. 2024 మే నెలలో త్రిసూరులో హోలీక్రాస్ సభకు చెందిన ఫాదర్ జోసఫ్ తేర్మఠం గారు గురుపట్టము పొందారు. మన దేశంలో ఆయనే తొలి బధిర గురువు. బధిరులకు సైగలతో పూజ చెప్పే గురువులు ఇదివరకే ఉన్నారు. ఇప్పుడు పీఠము దగ్గర నిలబడినది స్వయంగా బధిరుడే.

బేత్లెహేములో ఎఫ్ఫతా అనే పేరుతోనే ఒక బడి ఉన్నది. 1964లో పుణ్యభూమిని దర్శించిన 6వ పౌలు పోపుగారి కోరికపై 1971లో ప్రారంభమయినది. పునీత దొరొతెయా సభ కన్యస్త్రీలు నడుపుతున్నారు. అక్కడి ప్రాంతంలో బిడ్డల చెవుడుకు ఒక ముఖ్య కారణము దగ్గరి బంధువుల మధ్య పెండ్లిండ్లు అని చెప్తారు. ఈ మాట విని మనం మౌనంగా దాటిపోలేము. మేనరికము, అక్క కూతురును తమ్ముడు చేసికొనుట మన తెలుగు కుటుంబాలలో మర్యాదగా చెల్లుతున్నది. తల్లి వైపు, తండ్రి వైపు ఒకే లోపము దాగి ఉంటే, అది బిడ్డలో బయటపడే అవకాశం దగ్గరి చుట్టరికములో పెరుగుతుంది. శ్రీసభ చట్టము 1091వ నియమము ప్రకారము నాలుగవ అంతస్తు వరకు, అనగా మేనబావ మరదళ్ల వరకు, అనుమతి లేకుండా జ్ఞానవివాహము చెల్లదు. పీఠాధిపతుల అనుమతి కాగితము తెచ్చుకొనుట ఒక లాంఛనమని భావించకండి. ఆ నియమము ఎందుకున్నదో ఇంటిలో పెద్దలు ఒకసారి కూర్చుని ఆలోచించండి. దీనిని గూర్చి నామీద కోపగించుకొనే చదువరులు ఉంటారని తెలిసే వ్రాస్తున్నాను.

అయితే ఇప్పటికే బిడ్డ పుట్టిన ఇంటిలో దీనిని నిందగా వాడరాదు. చెవుడుకు కారణాలు అనేకం: గర్భవతికి వచ్చే రూబెల్లా, నెలలు నిండకుండా పుట్టుట, పసికందుకు వచ్చే తీవ్రమైన కామెర్లు, మెదడువాపు జ్వరాలు. గ్రహణం వేళ తల్లి ఏదో కోసిందని, పూర్వపు పాపమని అనేవారికి యోహాను 9వ అధ్యాయము చూపండి. ఇతడు పాపము చేసెనా, ఇతని తల్లిదండ్రులు చేసిరా అని శిష్యులు అడిగినప్పుడు ప్రభువు ఇద్దరినీ విడిచిపెట్టారు.

చేయవలసినది త్వరగా చేయాలి. పళ్లెము క్రింద పడినా ఉలికిపడని పసిబిడ్డను, ఏడాది నిండినా పిలుపుకు తిరుగని బిడ్డను, మాటలు ఆలస్యంగా వస్తాయిలే అని మూడేళ్లు ఊరుకోకండి. నొప్పి లేకుండా పుట్టిన కొద్దిరోజులకే వినికిడి పరీక్ష చేయవచ్చు. ముంబయిలోని అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రమున్నది. యంత్రము పెట్టినా, శస్త్రచికిత్స చేయించినా, సైగలు నేర్పితే బిడ్డ సోమరియై మాట నేర్వడనే భయము వద్దు. బిడ్డకు కావలసినది ముందు ఒక భాష. ఢిల్లీలో 2015లో ఏర్పడిన భారతీయ సంజ్ఞాభాషా కేంద్రము 2021 నాటికి పదివేల మాటలకు వీడియో నిఘంటువు తయారుచేసినది. మీ చేతిలోని ఫోనులోనే చూచుకోవచ్చు.

మరి గుడిలో? "వీడికి ఏం అర్థమవుతుందిలే" అని నూతన సత్ప్రసాద స్వీకరణకు పేరు వ్రాయించని తల్లిదండ్రులను నేనెరుగుదును. వ్రాయించబోతే వచ్చే ఏడు చూద్దామన్న ఉపదేశులనూ ఎరుగుదును. శరీరములోగాని మనస్సులోగాని లోపము గలవారికి వారి స్థితి మేరకు సత్యోపదేశము అందేటట్లు చూచుట విచారణ గురువుల విధి అని 777వ నియమము చెప్తున్నది. అది దయ కాదు, బిడ్డ హక్కు. దుబాసి ద్వారా పాపసంకీర్తనము చేయవచ్చునని 990వ నియమము. ఆ దుబాసి విన్నది జన్మలో బయట పెట్టరాదని 983వ నియమము. మాట్లాడలేని వధూవరులు సైగలతో సమ్మతి తెలుపవచ్చునని 1104వ నియమము. కాబట్టి తెరువవలసిన తలుపులు రోములో మూసిలేవు. మన విచారణలో ఒక్క ఉపదేశి, యువజనులలో ఇద్దరు, 'తండ్రి', 'యేసు', 'క్షమించు', 'రొట్టె' అనే గుర్తులు నేర్చుకొంటే మొదటి పాఠము మొదలవుతుంది.

ఆ వరండాకు తిరిగి వస్తాను. చీకటి పడకముందే బస్సు అందుకోవాలని ఆ తండ్రి పెట్టె భుజాన వేసుకొన్నాడు. రెండడుగులు వేసి వెనుకకు వచ్చి, "అమ్మగారూ, ఇంటికి పోదాం రా అనడానికి ఎట్లా చెయ్యాలండీ?" అని అడిగాడు. సిస్టరుగారు, "నన్నెందుకు అడుగుతారండీ, వాణ్ణే అడగండి" అన్నారు. ఆయనకు ఎట్లా అడగాలో తెలియక పెట్టె దించి, రోడ్డు వైపు చూపి, తనను, కొడుకును చూపి, రెండు చేతులూ విప్పి నిలబడ్డాడు. కుర్రవానికి అర్థమయినది. తండ్రి మొరటు చేతులు రెండు పట్టుకొని, వ్రేళ్ల కొనలు కలిపి ఇంటి కప్పు ఆకారం చేసి చూపాడు. నేను గేటు దగ్గరకు వచ్చేసరికి వారిద్దరు రోడ్డు ప్రక్కన బస్సు కోసం నిలబడి ఉన్నారు. తండ్రి ఆ గుర్తును మళ్లీ మళ్లీ పెడుతున్నాడు. కుర్రవాడు ప్రతిసారీ ఒక వ్రేలు సరిచేస్తున్నాడు.